హవల్దారు గారి పక్క మంచం

పక్షవాతం వచ్చిన మా మిలిటరీ అన్నయ్యను చేర్పిద్దామని ఇబ్రహీంపట్నం దగ్గర మాజీ సైనికుల వృద్ధాశ్రమం చూడ్డానికి వెళ్లాను. దుప్పటి నుంచి చారు దాకా అన్నిటికీ వంకలు పెట్టాను. కంచం రాగానే దాని అడుగు వేలితో తాకి చూసుకునే హవల్దారు గారొకరు నన్నే గమనిస్తున్నారు.

"మీ అన్నగారిని నా పక్క మంచంలో వేయించండి," అన్నారు.

"ఇంత అధ్వానంగా ఉంటేనా?"

"గొడవ చేసే చుట్టాలున్న మంచానికే ఇక్కడ అన్నం వేడిగా వస్తుందండీ. పక్కనుంటే నాకూ వస్తుంది. మీ అంత గయ్యాళి మగాణ్ణి నేను పటాలంలో కూడా చూళ్లేదు."

ఆ మాటకు ఒళ్లు మండినా, చేర్పించాను. ప్రతి ఆదివారం వెళ్లి గొడవపడేవాణ్ణి. ఆయన కంచం అడుగు తాకి, నాకు సెల్యూట్ కొట్టేవారు.

ఆయన పోయినా ఆ గయ్యాళి మాట నేను మర్చిపోలేదు. ఇప్పుడెవరైనా నన్ను మంచివాడంటే మాత్రం, అన్నయ్య కంచం చల్లారిపోతుందేమోనని భయం.