మాదాపూర్ ఎత్తులో ఆగిన కారు

మాదాపూర్ దాటాక రాళ్ల మధ్య దించింది మమ్మల్ని మిలిటరీ లారీ. తొంభైల చివర, ఎండాకాలం మొదలు. ఒకే ఒక్క గుండ్రటి గాజు భవనం, దాని చుట్టూ బండలు, కంపచెట్లు. రోడ్ల కోసం రోజంతా బండలు పేల్చేవాళ్లు. పొద్దున తొడిగిన యూనిఫాం మధ్యాహ్నానికి సున్నం కొట్టినట్టయ్యేది. ఇప్పుడు మీరు సిగ్నల్ దగ్గర విసుక్కుంటూ నిలబడే చోట మేం టెంట్లు వేశాం.

విదేశం నుంచి ఓ సైనిక బృందం వస్తోంది. క్యాంపు నుంచి గాజు భవనం దాకా వాళ్లను కార్లో తీసుకెళ్లాలి. ఇదీ ఆర్డరు. నేను బండ్ల మెకానిక్‌ని, హవల్దారుని, కడపవాణ్ని. కారు పాత విదేశీ బండి. కార్బురేటర్ లేదు. ట్యాంకులోని పంపు పెట్రోలును ఒత్తిడితో నెడితే ఇంజెక్టర్లు దాన్ని ఇంజన్లోకి చిమ్ముతాయి. మా యూనిట్లో అలాంటిది అదొక్కటే. దాని బానెట్ ఎత్తే అవకాశం ఎప్పుడొస్తుందా అని నాకు చేతులు దురద పెట్టేవి.

డ్రైవర్ మెదక్ వైపువాడు, హోదాకు నాయక్, నాకన్నా ఒక మెట్టు కింద. కారును కన్నబిడ్డలా చూసుకునేవాడు, ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవాడు కాదు. హవల్దారు పదోన్నతికి, అంటే భుజం మీద మూడో పట్టీకి, అతని పేరు ఆ నెలలోనే వెళ్లాలి.

మొదటి రిహార్సల్లో గాజు భవనం ముందున్న ఎత్తు ఎక్కుతూ కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. కాసేపాగితే మళ్లీ స్టార్టయింది. రెండోరోజూ అదే ఎత్తులో, అదే వరస. వెనక జీపులోంచి నేను వైర్‌లెస్‌లో చెప్పాను.

"కారు మళ్లీ ఆగింది. ఓవర్."

"అందిందండి. కెప్టెన్ గారు పక్కనే ఉన్నారండి, కాస్త చూసి మాట్లాడండి. ఓవర్," అన్నాడు శ్రీకాకుళం ఆపరేటర్.

కెప్టెన్ కేకలెయ్యలేదు. ఇంకోసారి ఆగితే డ్రైవర్ని మారుస్తానన్నాడు. బండిని నిలబెట్టుకోలేనివాడి పేరు పదోన్నతికి ఎలా పంపమంటావని నన్నే అడిగాడు. ఆ పూట నాయక్ అన్నం ముట్టలేదు.

నాకు మాత్రం నిజం చెప్పాలంటే పండగే. పెట్రోల్ ఫిల్టర్ మార్చాను. పంపుకు కరెంటిచ్చే రిలే మార్చాను. తాళం తిప్పితే ట్యాంకులోంచి పంపు జుయ్యిమంటోంది. పెట్రోలు ఒత్తిడి చూపే ప్రెజర్ గేజ్ పెట్టి చూస్తే ముల్లు నిక్కచ్చిగా ఉంది. షెడ్డులో కారు బుద్ధిమంతురాలు, రోడ్డెక్కితే మొండిది. సరే, ఈ ఆట రోడ్డు మీదే తేల్చుకుందామని పొడవాటి గొట్టంతో గేజ్‌ను ముందద్దం బయట కట్టి, నాయక్ పక్కన కూర్చున్నాను.

ఎత్తు మొదలయ్యే దాకా ముల్లు కదల్లేదు. తర్వాత మెల్లగా జారింది. దొంగ దొరుకుతున్నాడు! కారు ఆగింది. ఎత్తులో పెట్రోలు వెనక్కి ఒరిగి పంపుకు అందడం లేదేమోనని దూకి ట్యాంకు దగ్గరికి పరుగెత్తాను.

"మూత తీయకు ఉస్తాద్, దుమ్ము పోతది," అంటూ నాయక్ వెనకాలే వచ్చాడు.

తిప్పేశాను. ఉస్సుమని ట్యాంకు గాలి పీల్చింది. మూత లోపల టైరు ట్యూబు ముక్క, అంచులు చక్కగా కత్తిరించి అతికించి ఉంది. నాకు నవ్వాగలేదు. ఆ కారు ట్యాంకుకు గాలి మూతలోని సన్నని రంధ్రంలోంచే రావాలి, దాన్నే ఆ ముక్క మూసేసింది. పెట్రోలు ఖర్చయినకొద్దీ లోపలికి గాలి రాకపోతే పంపు ఎంతని లాగుతుంది? మరి షెడ్డులో ఎందుకు నడిచిందంటే, బండి తీసేముందు మూత తెరిచి పుల్ల ముంచి పెట్రోలు కొలవడం మా పట్టాళం పద్ధతి. ఆ పని నాయకే చేసేవాడు. అలా ప్రతి పరీక్షకూ ముందు మేమే దానికి ఊపిరి పోశాం. షెడ్డులో కాసేపటికి ఆ ఊపిరి చాలేది, రోడ్డు మీద ఎత్తు దాకా వచ్చేసరికి అయిపోయేది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని.

నాయక్ మొహం మాడిపోయింది. పేలుళ్ల దుమ్ము ట్యాంకులోకి పోకూడదని పెట్టానన్నాడు. మూత పాతదైపోయిందని చెబుదాం, నీ పేరెందుకు అన్నాను.

"అబద్ధం చెప్పి మూడో పట్టీ కుట్టుకుంటే భుజానికి గుచ్చుకుంటది ఉస్తాద్."

తానే వెళ్లి రబ్బరు ముక్కను కెప్టెన్ బల్ల మీద పెట్టాడు. కెప్టెన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఈ దుమ్ములో ట్యాంకు గురించి ఆలోచించినవాడు ఒక్కడైనా ఉన్నాడు, రేపు కారు వీడే నడుపుతాడు అన్నాడు. ఆగితే మాత్రం మెకానిక్కూ డ్రైవరూ కలిసి వంటపాత్రలు తోముతారట.

మర్నాడు అతిథులు ఎక్కారు. నేను వెనక జీపులో. ఎత్తు వచ్చింది. వైర్‌లెస్ నోటి దగ్గర పెట్టుకున్నాను. కారు ఒక్కసారి కూడా దగ్గకుండా ఎక్కేసింది.

"ఎత్తు దాటింది! ఓవర్!" అని అరిచాను. అవతల ఆపరేటర్ ఓవర్ చెప్పడమే మరిచి ఈల వేశాడు.

టెంట్లు పీకి యూనిట్‌కు తిరిగొచ్చాం. నాయక్‌కు మూడో పట్టీ వచ్చింది. నేను పెన్షన్ మీద ఇంటికొచ్చి చాలా ఏళ్లయింది. ఆ పొద్దు మాత్రం కళ్లముందు నుంచి పోదు. అతిథులు గాజు తలుపుల్లోంచి లోపలికి వెళ్లిపోయారు. ఎవరూ చూడటం లేదనుకుని నాయక్ తెల్ల గ్లవ్ తీసి, దుక్కి విడిచిన ఎద్దు వీపు నిమిరినట్టు వేడి బానెట్ నిమిరాడు.

"ఇగ జర దమ్ము తీస్కో బిడ్డా," అన్నాడు.