కరక్కాయ పాలు

అప్పట్లో నాకూ ఒక నోరుందన్న సంగతి మా ఇంట్లోవాళ్ళకు తప్ప బయట ఎవరికీ తెలియదు. చెప్పాలనుకున్నదంతా డైరీలో రాసుకుని, మనుషుల ముందు తలూపుతూ బతికేదాన్ని. అలాంటి నాకు చదువైన కొత్తలో, శ్రీకాళహస్తి దగ్గరి పాత జమీందారీ మామిడితోటలో, వచ్చినవాళ్ళకు తోటా బంగళా తిప్పి చూపించే ఉద్యోగం దొరకబోయింది. (సిఫారసు మా మేనమామది. ధైర్యం కూడా ఆయనదే.) బంగళా గోడల నిండా తరాల నాటి కలంకారీ తెరలు. వెనక చెట్ల కింద ఇప్పటికీ గుడ్డలు నానబెట్టి బొమ్మలేసే ఆ పని సాగుతూనే ఉంది. "ఆదివారం బస్సులో వచ్చేవాళ్ళకు నువ్వే సెప్పల్ల. నోరు పెగిలితే ఉద్యోగం, లేకుంటే ఇంటికి పోవచ్చు" అని తేల్చేసింది తోట యజమానురాలు. ఆమెను అందరూ దొరసానమ్మ అంటారు.

పుస్తకాలు ముందేసుకుని, బొమ్మ వేసే ముందు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన బర్రెపాలలో ఎందుకు నానబెడతారన్నదాంతో సహా కంఠస్థం చేశాను. తీరా బస్సు గేటు దగ్గర ఆగేసరికి గొంతు తడారిపోయింది. "చెట్టు కింద కుండలో మజ్జిగ పెట్టుండాది, తాగిరా పో" అన్నది దొరసానమ్మ. ఏ చెట్టు అని అడగాలి కదా! అడిగితే నేను నేనెందుకవుతాను? మొదట కనిపించిన కుండలోంచి చెంబుతో ముంచుకుని గటగటా తాగేశాను. (పసుపుపచ్చగా ఉంటే, తాలింపు మజ్జిగ కాబోలు, మర్యాద తెలిసిన ఇల్లు అనుకున్నాను.)

నాలుక అంగిలికి అతుక్కుపోయింది. మూతి ముడుచుకుపోయింది. అంతలో జనం చుట్టూ చేరనే చేరారు. వాళ్ళలో నగరి నుంచి వచ్చిన నేతింటి అవ్వ ఒకామె తెరను తడిమి చూస్తూ, "ఏం మే, ఈ గుడ్డను దేంట్లో నానేస్తారు?" అని అడిగింది. నేను నాలుకను అంగిలి నుంచి ఊడదీసుకునే పనిలో ఉన్నాను. "సెప్పు మే, మూతి అట్ల ముడుసుకుంటే ఎట్ల?"

కంఠస్థం చేసిందంతా ఎగిరిపోయింది. "కరక్కాయ పాలల్లో అవ్వా. ఇప్పుడే నేను తాగేసినాను" అన్నాను.

"అయ్యో నా తల్లీ! ఇంక నీకు ఏ రంగేసినా పోదులే!" అని అవ్వ విరగబడి నవ్వింది. బస్సంతా నవ్వింది. "రుచి ఎట్లుండాది?" అన్నారెవరో. వగరని చెప్పాను. ఆ వగరే రంగును పట్టుకుంటుందని చెప్పాను. అక్కడ మొదలైన నోరు మళ్ళీ మూతపడలేదు. (సాయంత్రానికి కరక్కాయ పెరటిదారి పట్టించి తన రెండో గుణం కూడా చూపించింది. దాన్ని డైరీలో రాయలేదు.)

"రేపట్నించి రా. కుండలు మాత్రం ముట్టుకోవద్దు" అన్నది దొరసానమ్మ.

ఇప్పుడైతే తోట చూడొచ్చినవాళ్ళే "సాలు తల్లీ, అన్నానికి పోవల్ల" అని నన్ను ఆపుతున్నారు. ఆనాడు ఆ కుండ మీదికి వంగిన నోరులేని పిల్ల గుర్తొచ్చినప్పుడల్లా, వెళ్ళి భుజం పట్టి లాగుదామనిపిస్తుంది. అంతలోనే, వద్దులే, తాగనీ అనిపిస్తుంది.