హెలెన్ టీచర్ ఫిర్యాదు

హెలెన్ టీచర్ పోయిన నెల కన్నుమూశారు. మిరపకోతల కాలంలో పిల్లల్ని చేలల్లోంచి బడికి లాక్కొచ్చేవారని సంస్మరణ సభలో అందరూ చెప్పారు. పోలింగ్ బూత్ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. దాన్ని సభామర్యాద అంటారు.

మా వైపు బూత్ మీద పడటానికి ఒక శాస్త్రం ఉంది. ఏ ఊరి కుర్రాళ్లూ సొంత ఊళ్లో కర్ర ఎత్తరు, గుర్తుపడతారని. అందుకని నాలుగూళ్ల అవతలి నుంచి కుర్రాళ్లను ఆటోల్లో దింపుతారు. తర్వాత పోలీసులు ‘గుర్తుతెలియని వ్యక్తులు’ అని రాసుకుంటారు. రెండు పార్టీలూ గౌరవించే ఒప్పందం ఇదొక్కటే. ఇందులో లోపమూ ఒక్కటే: ఏ టీచరు ఏ బూత్‌కి వెళ్తారో ముందురోజు దాకా ఎవరికీ తెలియదు.

ఆ బూత్‌కి ప్రిసైడింగ్ ఆఫీసరు హెలెన్ గారు. మధ్యాహ్నం మూడింటికి రెండు ఆటోలు ఆగాయి. ముందు రాళ్లు వచ్చాయి, తర్వాత కారం, ఆ వెనక కర్రలు. దేశదేశాలకు ఎగుమతయ్యే మా కారం ఆ రోజు స్థానిక అవసరాలకు ఉపయోగపడింది. కాపలా కానిస్టేబుల్ తల పగిలి గుమ్మంలో పడ్డాడు. ఒక ఏజెంటు తెగిన చెవిని అదిమి పట్టుకుని గోడ దూకాడు. ఆమె సహోద్యోగి పానకాలు మాస్టారు బల్లకింద నుంచి ప్రజాస్వామ్యాన్ని పర్యవేక్షించారు. కళ్లు తెరవలేని హెలెన్ గారు ఓటింగ్ యంత్రం మీద బోర్లా పడుకుని దాన్ని వదల్లేదు. రుమాలు కట్టుకున్నవాడొకడు ఆమె కుడి మణికట్టు మీద కర్రతో కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు బల్లకిందికి కూడా వినిపించింది. రెండో దెబ్బకు కర్ర ఎత్తేసరికి ఆమె మొహం వాడి వైపు తిరిగింది.

“అమ్మా,” అన్నాడు వాడు.

వాడు మార్క్, ఆమె ఒక్కగానొక్క కొడుకు. పోలీసు ఉద్యోగానికి రాతపరీక్ష పాసయ్యాడు. మిగతాది చూసుకుంటానని నాయకుడు మాటిస్తే ఆటో ఎక్కాడు.

సాయంత్రం ఎస్సై ఆసుపత్రికి వచ్చాడు. “మేడమ్, గుర్తుతెలియని వ్యక్తులని రాసేద్దామండీ. కారం పడ్డ కళ్లకి ఎవరు కనపడతారు? కుర్రాడి ఉద్యోగం నిలబడుద్ది,” అన్నాడు. తానేమీ వినలేదని పానకాలు మాస్టారు అప్పటికే సంతకం పెట్టి ఉన్నారు.

కానిస్టేబుల్‌కి తెలివొచ్చిందా అని ఆమె అడిగారు. రాలేదు. అతని ఇద్దరాడపిల్లలు వరండాలో కూర్చుని ఉన్నారు. ఆమె కాగితం అడిగి ఎడమచేత్తో రాశారు: మార్క్, తండ్రిపేరు, వయసు, ఇంటినంబరు. చివర, ‘ఇతను నా కుమారుడు.’

మూడేళ్లకు కోర్టుకొచ్చింది. కానిస్టేబుల్ కర్ర ఊతంతో వచ్చాడు. మార్క్ తరఫు లాయరు దయగలవాడు, ఆమె తప్పుకోవడానికి దారి పరిచాడు. కళ్లు కనపడలేదన్నారు, మొహానికి రుమాలుందన్నారు, మరెలా గుర్తుపట్టారని అడిగాడు.

“అమ్మా అన్నాడండి. నన్నట్టా పిలిచేవాడు ఒకడే.”

రెండేళ్లు శిక్ష పడింది. ప్రతి ఆదివారం చర్చి వదలగానే ఆమె కోడికూర వండుకుని జైలుకెళ్లేవారు. కూర గేటు దగ్గరే వెనక్కిచ్చేవారు. మార్క్ ఏడాది దాకా ఆమెను చూడటానికి ఇవతలికి రాలేదు. ఆ తర్వాత వచ్చాడు.

విడుదలయ్యాక ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ తెలియదు. ఆ మణికట్టు తిన్నగా అతకలేదు. ఆఖరి ఏడాదంతా పొద్దున్నే అరుగు మీద ఆమెకు జడవేసింది మార్కే. చిక్కు తీయడం రాక మొదట్లో జుట్టు పీకేవాడు. “నెమ్మదిరా,” అనేవారామె.