నేను మూసిన తోడేలు బొరియ

గొల్లతాత పోయాడని మిర్యాలగూడ బస్టాండులో మా ఊరాయన చెప్పాడు. అప్పటికే మట్టి చేసి మూడు రోజులైందట. నాకెందుకు కబురు పెట్టలేదని అడిగే ముఖం లేదు నాకు. ఎందుకు లేదో మీకు చెప్పాలి.

ఎనభైలలో కోదాడ దగ్గరి చిలుకూరు అవతల, వానకే పండే చెలకల్లో ఆయన గొర్రెలు కాసేవాడు. చుట్టరికం లేదు. చిన్నప్పుడు నన్ను తన గొంగడి కొసన కూర్చోబెట్టుకుని, ఏది కుక్క అడుగో ఏది తోడేలు అడుగో నేర్పాడు. తోడేలు గొర్రెపిల్లను ఎత్తుకుపోయినా తిట్టేవాడు కాదు. దాని వంతు అది తీసుకుందని, మిగిలిన మందను తోలుకుపోయేవాడు.

నాకు ఇరవై ఏళ్లొచ్చేసరికి కోదాడలో దొరికిన కరపత్రాలన్నీ చదివాను. తోడేలు దొర, జింక కూలి అని నేనే ఒకటి రాసి పంచాను. గుట్ట కింద తోడేలుండే బొరియ మూసేద్దామంటే తాత వద్దన్నాడు.

"అది బలిసినదాని జోలికి పోదు పిలగా. కుంటిదాన్ని, ముసలిదాన్ని, ఏమరిన పిల్లను సూస్తది. అది తిరుగుతుంటెనే జింకలు ఒక్కకాడ నిలువయి."

నలుగురిలో ఆయన్ని దొరల తొత్తు అన్నాను. గొంగడి దులుపుకుని లేచి వెళ్లిపోయాడు. ఆ వారమే నేనూ నా తోటి కుర్రాళ్లిద్దరూ కలిసి ఆ బొరియకు మిరపకాయల పొగ పెట్టి, రాళ్లతో మూశాం. లోపల కాసేపు చప్పుడైంది. మేం జై కొట్టాం. ఆ తర్వాత మా చెలకల్లో తోడేలు ఊళ వినబడలేదు.

నాలుగేళ్లకు జింకలు లెక్కకందకుండా పెరిగాయి. భయం లేక ఒకే చేలో పొద్దంతా మేసేవి. దొరలకేం, కాలువ కింద వరి ఉంది. జొన్న, పెసర పోగొట్టుకున్నది చెలక తప్ప మరేమీ లేని కూలీలు. వాళ్లే చేల చుట్టూ కరెంటు తీగలు పెట్టారు. ఒక పొద్దున సూడి జింక తీగ మీద పడి చచ్చింది. తాత నన్ను పిలిపించి చూపించాడు. గొంతు పెంచలేదు.

"దొరను సంపినవ్ గద. ఇగ కూలోళ్లకు కూలోళ్లే పగోళ్లయిండ్రు."

తప్పయింది తాతా అనాలి. అనలేక సూర్యాపేటలో పని వెతుక్కున్నాను. ఆయన ఉన్నన్నాళ్లూ అనలేదు.

నిన్న ఊరికి వెళ్లాను. చివరి ఏడాదంతా పొద్దున్నే గుట్టకు పోయేవాడని, ఎందుకో చెప్పేవాడు కాదని ఆయన కోడలు అంది. పోయి చూశాను. బొరియ ముందు రాళ్లు ఒక్కొక్కటే తీసి పక్కన పేర్చి ఉన్నాయి. నేను గడ్డపారతో దొర్లించిన పెద్దబండ మాత్రం ఆయనకు కదల్లేదు. దాని కింద ఒక తోడేలు దూరేంత మేర చేత్తో మట్టి తీసి ఉంది. ఆ సందుకు అడ్డంగా సాలెగూడు, ఎక్కడా తెగలేదు.