ఇస్త్రీ చేసిన ఈతబట్టలు

లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆమెను ఇంట్లోవాళ్లు ఇప్పటికీ చేపా అనే పిలుస్తారు. చిన్నప్పుడు కాలవలో దూకిందంటే చీకటిపడేదాకా గట్టెక్కేది కాదని అన్నయ్య పెట్టిన పేరు. ఇప్పుడామెకు ముప్పై నాలుగేళ్లు. రేకుల కప్పు కింద, వేడి పెట్టె పట్టుకుని రోజుకు తొమ్మిది గంటలు నిలబడుతుంది.

ఈ ఏడు ఎండలు ముదిరినప్పటి నుంచి ఆమెకు కాలు నిలవడం లేదు. చొక్కా మడుస్తూ కిటికీలోంచి చూస్తుంది, నీళ్లు తాగుతుంది, మళ్లీ చూస్తుంది. ఒక ఆదివారం కాలవకు వెళ్లింది. గట్ల పనులకని నీళ్లు ఆపేశారు, అడుగున బీటలు. మరో ఆదివారం రాళ్లు కొట్టి వదిలేసిన గుంటకు వెళ్లింది. నాచు, గాజుపెంకులు. ఇక మిగిలింది ఊరి ఈతకొలను. అక్కడ ఆడవాళ్లకు గురువారం మూడు నుంచి నాలుగు వరకే. యజమానిని బతిమాలి, సెలవు పుచ్చుకుని పరుగెత్తితే గేటు దగ్గరి ఆవిడ ఆపేసింది.

"నూలు బట్టలతో దిగనివ్వం. రంగు దిగుతుంది, పీచు ఊడి ఫిల్టరుకు అడ్డం పడుతుంది."

రంగు దిగే బట్టల గురించి రోజూ జనానికి తాను చెప్పే మాటే అది.

"నైలాన్ వేసుకుని రామ్మా. వచ్చే వారమే ఆఖరు. తర్వాత మరమ్మతులకు మూసేస్తాం, మళ్లీ తెరిచేది వానలొచ్చాకే."

అన్నయ్య పాత గొడుగు ఊచలు విరిగి తలుపు వెనక పడి ఉంది. దాని నైలాన్ గుడ్డ విప్పి, పనయ్యాక రోజూ కాస్త కాస్త ఈతబట్టలు కుట్టింది.

"వానొస్తే తెరుచుకుంటావా ఏంటి?" అంది వదిన.

"నవ్వింది చాల్లే గానీ ఈ కొస పట్టుకో, వదినా."

గురువారం రానే వచ్చింది. భోజనం వేళకు ఇంటికొచ్చి, సంచిలో పెట్టుకోబోతూ చూస్తే బట్టంతా ముడతలు. పదిహేనేళ్ల అలవాటు, చెయ్యి ఊరుకోలేదు. బల్ల మీద పరిచి, ఇంట్లోని ఇస్త్రీ పెట్టె వేడిచేసి ఆనించింది. చుర్రుమంది. ఎత్తేసరికి నైలాన్ జిగురులా సాగి వచ్చింది. నడుము దగ్గర అరచేతంత కన్నం.

"నీళ్లల్లో దిగే బట్టకు ఇస్త్రీ ఎవరు చేస్తారే!" వదిన నెత్తి కొట్టుకుంది.

చేప గుమ్మం దాకా వెళ్లింది, తిరిగొచ్చింది, మళ్లీ వెళ్లింది.

"తిరగకు, నాకు కళ్లు తిరుగుతున్నాయ్. సూది ఇలా పడెయ్." గొడుగు గుడ్డలో ఒక్క ముక్కే మిగిలింది. గొడుగు మారిపోకుండా అన్నయ్య తెల్ల రంగుతో ఇంటి నంబరు రాసుకున్న ముక్క. వదిన దాన్నే అతికేసింది.

చేరేసరికి మూడుంపావు. గేటు దగ్గరి ఆవిడ నడుము మీది అంకెలు చూసి, "తప్పిపోతే ఇంటికి చేర్చమనా?" అంది. బట్టను వేళ్లతో నలిపి చూసి, "సరే, దిగు" అంది.

దిగలేదు, దూకింది. మొదటి మునకకు ఊపిరి అందలేదు. రెండోదానికి చేతులకు అన్నీ గుర్తొచ్చాయి. ఈ కొసకూ ఆ కొసకూ ఆగకుండా ఈదింది. పక్కనున్నవాళ్లు కాసేపు తేలుతూ సేదదీరుతున్నారు; ఆమెకు మాత్రం నిమిషం కూడా వదలబుద్ధి కాలేదు. ఈల మోగింది. ఒక్కొక్కరే పైకెక్కారు. రెండోసారి మోగింది. వినబడనట్టు ఇంకో మునక వేసింది.

"ఏయ్, పదిహేడు బై రెండూ!" ఒడ్డు మీంచి ఆవిడ అరిచింది. "గట్టెక్కమ్మా, నేనూ ఇంటికి పోవాలి!"