ఊగకూడని అంబాసిడర్

ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, అప్పట్లో మా పటాన్‌చెరు వైపు ఇళ్లలో ఏ వస్తువు పాడైనా దుకాణానికి పరుగెత్తే అలవాటు లేదు. ప్రతి ఇంట్లోనూ ఒక ఫిట్టరో, టర్నరో, వెల్డరో ఉండేవాడు. తలుపు గడియ విరిగినా, మిక్సీ మూత పగిలినా (ఒకసారి పక్కింటావిడ కట్టుడు పళ్లు కూడా) మనవాళ్లే చేసి పెట్టేవారు. చేసిన వస్తువు అసలు దానికంటే బాగా బరువుండేది, అది వేరే సంగతి. డిప్లొమా ముగించి ఒక పెద్ద కర్మాగారంలో ట్రైనీగా చేరిన కొత్తల్లో నాకీ పద్ధతి మీద అపారమైన భక్తి.

ఆ భక్తికి మూలపురుషుడు మా బాబాయి. అందరూ లెవెల్ బాబాయి అనేవారు. అదే కర్మాగారంలో పెద్ద పెద్ద ప్రెస్ మిషన్లను నేల మీద కదలకుండా కూర్చోబెట్టడం ఆయన ఉద్యోగం. నీటిబుడగ ఉండే చిన్న లెవెల్ గొట్టం ఎప్పుడూ జేబులోనే. పెళ్లి భోజనాల దగ్గర కూడా దాన్ని బల్ల మీద పెట్టి, బుడగ పక్కకు జరిగితే బల్లకాలి కింద కాగితం మడిచి పెట్టి, ఆ తర్వాతే అన్నంలో చెయ్యి పెట్టేవాడు. "మిషన్ అన్నంక ఊగొద్దు బిడ్డా. ఊగితే అది మిషన్ గాదు, ఉయ్యాల" అని నాకు మొదటి రోజే బోధించాడు.

పటేల్‌గూడలో మా ఇంటి ముందు తాతయ్య అంబాసిడర్ ఉండేది. బడిపంతులుగా పనిచేసిన తాతయ్య పోయాక దాన్ని ఎవరూ తీయలేదు. ఆ ఏడే నాయనమ్మకు చూపు పూర్తిగా పోయింది. ఒకసారి కొత్త ఏసీ కారు మాట్లాడి ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఆ తర్వాత ఆమె గడప దాటలేదు. సంగారెడ్డి చర్చిలో తాతయ్య జ్ఞాపకార్థ ప్రార్థన దగ్గరపడింది. "గసొంటి బండ్ల నేను రాను. మీ తాత బండైతే వస్త, లేకుంటే ఈన్నే కూసోని ప్రార్థన చేసుకుంట" అని తేల్చేసింది. తాతయ్య మీద మమకారం అనుకున్నాం. అంబాసిడర్ చూస్తే ముందు చక్రాల దగ్గర పిన్నులు అరిగి, వాటి చుట్టూ ఉండే రబ్బరు బుష్‌లు పొడిపొడి అయిపోయాయి. ఆమె నడుముకు కుదుపులు తగలకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు.

దుకాణంలో కొత్త బుష్‌లు దొరికేవే. బాబాయి మొహం చిట్లించాడు. "రబ్బరు ఎన్నొద్దులుంటది? మనమే చేద్దాం" అన్నాడు. ప్రెస్ మిషన్ల కింద పరిచే గట్టి ప్లాస్టిక్ లాంటి పసుపుపచ్చ దిమ్మ ఒకటి ఉంటుంది, గోరు కూడా దిగదు. దాంతోనే బుష్‌లు తీయించాడు. లేత్ మిషన్ మీద వాటిని తీసిన బిహారీ మిత్రుడు "అబ్ హిలేగా నహీ, చాచా" అని, ఇక కదలనే కదలదని హామీ ఇచ్చాడు. పలుచని నూనె పోయాల్సిన షాక్ అబ్జార్బర్లలో బాబాయి గేరుబాక్సుకు పోసే చిక్కటి నూనె నింపాడు. నేను జాకీ ఎత్తుతూ, స్పానర్లు అందిస్తూ తరించాను. అంతా బిగించాక బానెట్ మీద లెవెల్ పెడితే బుడగ సరిగ్గా నడిమధ్యన నిలబడింది. బాబాయి బంపరెక్కి ఎగిరాడు. బండి కదల్లేదు, ఆయన మోకాళ్లు మాత్రం పటుక్కుమన్నాయి. "సూసినవా, జెరంత గూడ ఊగుతలేదు!" అన్నాడు. కారన్నాక కాస్త ఊగాలి కదా అన్న ఆలోచన మా ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు.

ప్రార్థన రోజు నాయనమ్మ చుట్టూ దిండ్లు పేర్చి పక్కన కూర్చున్నాను. బాబాయి బండి తీశాడు. మొదటి స్పీడు బ్రేకరుకే నా పళ్లు టకటకలాడాయి. రెండోదానికి బాబాయి జేబులోంచి లెవెల్ గొట్టం ఎగిరి కింద పడింది. దారిలో గులకరాయి తగిలినా వెన్నులో తెలుస్తోంది. నాయనమ్మ పెదవులు బిగించి, రెండు చేతులతో ముందు సీటు పట్టుకుని కూర్చుంది. నాకు నిజంగా భయమేసింది. "మెల్లగ పోనియ్ బాబాయ్!" అన్నాను. "ఇంతకన్న మెల్లగ పోతే ఆగినట్టే బిడ్డా" అన్నాడు. పటాన్‌చెరు దాటాక ఆయనే బండిని పక్కకు ఆపి వెనక్కి తిరిగాడు.

"తప్పైందమ్మా. ఇంటికి పోదాం. నీ నడుముకేమన్న అయితే నేను తట్టుకోలేను."

నాయనమ్మ చెయ్యి ఎత్తి ఆగమంది. "ముత్తంగి వచ్చిందా?"

"ఇంక జెర ముందటుంది."

"గదే అనుకున్న. ఇందాక వచ్చిన రెండు ఎత్తులు పటాన్‌చెరు బస్టాండు కాడియి. దాని తర్వాత గరుకు తొవ్వ." పక్కకు జారిన దిండును సర్దుకుంది. "ఆ దవాఖానకు పోయిన్నాడు అద్దాలు మూసిన్రు. బండి కదుల్తుందో లేదో గూడ తెల్వలే. చీకట్ల నన్ను యేడికో మోస్కపోతున్నట్టే ఉండె. మస్తు భయమైంది బిడ్డా, మీకు చెప్పలే. గీ బండ్ల కూసుంటే తొవ్వంత కనబడ్తున్నది. పోనియ్."

బాబాయి ముందుకు తిరిగి బండి తీశాడు. అద్దంలో ఆయన కళ్లు తుడుచుకోవడం చూశాను. నా సంగతి చెప్పక్కర్లేదు. ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం, కంది... ప్రతి ఊరి పేరూ మాకంటే ముందు ఆమే చెప్పింది. చర్చి ముందు దిగేటప్పుడు ఆమె నడుము నిక్షేపంగా ఉంది. వంగి నడిచింది మేమిద్దరమే.

తర్వాత బాబాయి బుద్ధిగా దుకాణం నుంచి మెత్తటి బుష్‌లు తెచ్చాడు. నాయనమ్మ బండిని ముట్టుకోనివ్వలేదు. ఉన్నన్నాళ్లూ ప్రతి ఆదివారం ఆ బండిలోనే చర్చికి వెళ్లింది. ఇప్పుడు నాదీ అద్దాలు మూసిన మెత్తటి కారే. ముత్తంగి ఎప్పుడు దాటామో ఫోను చెబితే గానీ తెలియదు. అప్పుడప్పుడు బాబాయిని బతిమాలి ఆ అంబాసిడర్ తీయిస్తాను. ఇంట్లోవాళ్లు నా నడుము గుర్తుచేసి తిడుతూనే ఉంటారు. నాయనమ్మ కూర్చున్న చోటే కూర్చుని, కళ్లు గట్టిగా మూసుకుని, కాసేపటికి ఎంతో నమ్మకంగా "ఇస్నాపూర్" అంటాను.

"ఇంక పటాన్‌చెరే దాటలే బిడ్డా" అంటాడు బాబాయి.