కొమురెల్లి ఇమానం కుడికాలు

ఆ ఏడు వానలకు నస్పూర్‌లో కారని రేకుల కప్పు ఏదైనా ఉందంటే అది ముత్యం వెల్డింగ్ షెడ్డుదే. ఊళ్లో ఎవరూ ఆ సంగతి పట్టించుకోలేదు, వినోద తప్ప. మొగుడు పోయి ఐదు నెలలైన మనిషికి ఎవరి కప్పు కారితే ఏమి, కారకపోతే ఏమి? అయినా ఆమె ఆ కప్పు కింద నిలబడి, తల పైకెత్తి, ప్రతి బోల్టు చుట్టూ అంటించిన బూడిదరంగు ముద్దను చూసింది. చూస్తూ చేతిలో గొడుగు ముడవడం మరిచిపోయింది.

ఆ ముద్ద కథ తెలియాలంటే ముందు ఆమె మొగుడు కొమురెల్లి కథ చెప్పాలి.

కొమురెల్లి బొగ్గుగనిలో ముప్పైనాలుగేళ్లు పరదాలు కట్టాడు. బొగ్గు తవ్వే చోటిదాకా గాలి పోవాలంటే దారి పొడుగునా పరదాలు కట్టి దాన్ని మళ్లించాలి. లేకుంటే దగ్గర్లో ఏ సందు దొరికితే ఆ సందులోంచి వెనక్కి పోతుంది, లోపల పని చేసేవాళ్లకు ఊపిరాడదు. "గాలి వట్టి సోమరిది. సులువు తొవ్వ దొరికితే పనికాడికి రాదు" అనేవాడు. "మీ తమ్ముని లెక్క" అనేది వినోద.

రిటైరయ్యాక ఇంటి వెనక షెడ్డు వేసి విమానం మొదలుపెట్టాడు. నీళ్ల మీద దిగే రకం. చక్రాలుండే చోట దానికి రెండు అల్యూమినియం పడవలుంటాయి. వాటిని ఫ్లోట్లంటారని ఆయన ఎన్నిసార్లు చెప్పినా వినోద మాత్రం కాళ్లనే అనేది. కొన్నాళ్లకు ఆయన నోటికీ అదే మాట వచ్చింది. ముసలితనంలో ఇదేం పిచ్చి అని ఎవరైనా అడిగితే, "ముప్పైనాలుగేండ్లు భూమి కిందికే దిగిన. జర మీదికి గూడ సూడొద్దా?" అనేవాడు. నిజంగా గాల్లోకి లేవాలంటే బోలెడు కాగితాలు కావాలని ఆయనకు తెలుసు. పైనుంచి బొగ్గు తవ్వి వదిలేసిన పాత ఓపెన్‌కాస్టు గుంతలో చేరిన నీళ్ల మీద ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఉరికితే చాలనుకున్నాడు.

మొదట ఏడిపించింది ఇంజిన్. రెండు సిలిండర్ల పాత ఇంజిన్, గాలి తగిలి చల్లబడేది. ఐదు నిమిషాలు తిప్పితే చాలు, వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటిపోయేది. గాలి చాలడం లేదనుకొని ముందున్న మూతి పెద్దది చేశాడు. ముల్లు ఇంకా తొందరగా గీత దాటింది. చివరికి ఒక మధ్యాహ్నం ఇంజిన్ ముందు ఫర్రాటా ఫ్యాన్ పెట్టి, వినోద చేతికి గుప్పెడు అగరుబత్తులిచ్చి నిలబెట్టాడు. పొగ సిలిండర్ల చుట్టూ ఉండే సన్నటి రేకురెక్కల నడుమకు దూరడమే లేదు. పైనున్న సందులోంచి పెండ్లికి పోతున్నట్టు బయటికి పోతోంది.

"ఓసి నీ! ముప్పైనాలుగేండ్లు నేను చేసిన పని గిదే కదనే!" అని కొమురెల్లి నుదురు కొట్టుకున్నాడు.

పాత రబ్బరు బెల్టు కోసి సందులన్నిటికీ పరదాలు కట్టాడు. రెక్కల నడుమ నుంచి తప్ప గాలికి ఇంకో తోవ లేకుండా చేశాడు. వేడిగాలి బయటికి పోయే దారిని కింద వెడల్పు చేశాడు. ఆ సాయంత్రం అరగంట తిప్పినా ముల్లు సగం దగ్గరే నిలబడింది. "కండ్లకు కనవడనిదాన్ని ముందుగాల కనవడేటట్టు చెయ్యాలె వినోదా. గప్పుడే అది మన మాట వింటది" అన్నాడు.

కాళ్లు మాత్రం ఆయన చేతిపని కాదు. రేకులు వంచే మిషన్ ముత్యం దగ్గరుంది. చిన్నప్పటినుంచి 'అన్నా, అన్నా' అంటూ కొమురెల్లి వెనక తిరిగినవాడు, ఈ ఇంట్లో కంచం ముందు కూర్చోని పండుగ లేదు. రేకు మీద రేకు పెట్టి రివెట్ కొట్టే ముందు నడుమ సీలెంట్ అనే బూడిదరంగు ముద్ద పూయాలి. అది ఆరి రబ్బరులా పట్టుకుంటేనే నీళ్లు లోపలికి రావు. కొమురెల్లి హైదరాబాద్ పోయి సంచి నిండా సీలెంట్ ట్యూబులు తెచ్చి ముత్యం చేతిలో పెట్టాడు. ఇంజిన్‌ను నూరుసార్లు విప్పి చూసుకున్న మనిషి ఆ కాళ్లను ఒక్కసారి కూడా పరీక్ష చేయలేదు. తమ్ముడిలాంటివాడి పని తిప్పి చూస్తే వాణ్ణి అనుమానించినట్టేనని ఆయన లెక్క.

గుంతలో దించిన రోజు సగం వాడ ఒడ్డున చేరింది. ఇంజిన్ బంగారంలా నడిచింది. కొమురెల్లి ఒక చుట్టు తిరిగాడు, రెండో చుట్టు తిరిగాడు. పావుగంట గడిచేసరికి విమానం కుడివైపు ఒరిగింది. రెక్క నీళ్లలో మునిగింది. ఆయన ఈదుకుంటూ ఒడ్డుకు వచ్చి, బట్టల నుంచి బురదనీళ్లు కారుతుంటే వెనక్కి తిరిగి చూశాడు. అప్పుడు ముత్యం ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు.

"ఇంజిన్ వేడెక్కింది, అన్న గాబరవడి ఒక్క దిక్కు ఒరిగిండు. నేను చేసిన కాళ్లయితే ఫస్టుక్లాసు! సూడుండ్రి, కొమురెల్లన్న సబ్‌మెరీను!"

విమానాన్ని తాళ్లతో గుంజి ఇంటికి చేర్చేలోపే ఆ వీడియో మందమర్రి పోయింది, హుజూరాబాద్ పోయింది, దుబాయ్ పోయింది. దుబాయ్‌లో ఉన్న సొంత తమ్ముడే నవ్వే బొమ్మలు పెట్టి పంపాడు. చాయ్ హోటల్లో 'సబ్‌మెరీన్ వచ్చిండు' అన్నారని కొమురెల్లి హోటల్ మానేశాడు. తర్వాత బజారు మానేశాడు. "ఇంజిన్‌దే తప్పయి ఉంటదానే? పరదా ఏడనన్న ఊడిందేమో" అని రోజూ అదే మాట. నలభై రోజులకు షెడ్డులో మంచం మీద, ఇంజిన్ వైపు తిరిగి పడుకున్నవాడు లేవలేదు. గుండె ఆగిందన్నారు. తప్పు తనదేననుకుంటూ పోయాడు. వినోద గొంతులో ముల్లులా దిగింది అదే.

మొగుడి డ్రిల్లు మిషన్ ముత్యం దగ్గర ఉండిపోతే అడగడానికి ఆమె ఆ వానలో పోయింది.

"ఏం సూస్తున్నవు వదినె?"

"కప్పు మంచిగున్నది ముత్యం. ఒక్క సుక్క కారుతలే."

"నా చేతిపని గట్లుంటది మరి!"

"ఔ, అవుపడుతుంది" అని వినోద డ్రిల్లు చంకన పెట్టుకొని వచ్చేసింది.

అనుమానం వేరు, రుజువు వేరు. ఫ్లోటు ఏ సందున కారుతుందో కంటికి చిక్కదు. పైన రంగు నున్నగా ఉంది. నెల రోజులు వినోద దాని చుట్టూ తిరిగింది.

ఆ నెలలోనే పక్కింటి రామవ్వ బిడ్డ పెండ్లి వచ్చింది. వినోదను పిలిచారు, పిలిచి గడప దగ్గర కూర్చోబెట్టారు. మొగుడు లేనిది పారాణి పళ్లెం ముట్టుకోకూడదు కదా. పళ్లెంలో పొడి పసుపు, పొడి సున్నం కలిపి పెట్టారు, ఇంకా నీళ్లు పోయలేదు. ఎవరి చేతిలోదో గ్లాసు తొణికింది. చుక్కలు ఎక్కడెక్కడ పడ్డాయో అక్కడక్కడ పసుపు నెత్తురులా ఎర్రబడింది. మిగిలినదంతా పసుపు పచ్చగానే ఉంది. వినోద లేచి, అన్నం కూడా తినకుండా ఇంటికి వచ్చేసింది.

తెల్లారి దుకాణం దగ్గర ప్రేమమ్మ ఎదురైంది. క్రైస్తవ మిషన్ హాస్టల్లో వంట చేసి మానేసిన మనిషి, రెండిళ్ల అవతల ఉంటుంది.

"రెండు కిలోల పసుపా? ఎవల పెండ్లే?"

"ఇమానం కాళ్లకు పారాణి పెడుతున్న."

"జెరమొచ్చిందా నీకు?"

"నన్ను పళ్లెం ముట్టొద్దన్నరు అక్కా. దాని కాళ్లు ముట్టొద్దనేటోళ్లు ఎవ్వలున్నరు?"

ప్రేమమ్మ సంచి ఒక చెవి పట్టుకుంది. ఇద్దరూ వాకిట్లో మట్టికట్ట పోసి, టార్పాలిన్ పరిచి, మడుగులా నీళ్లు నింపారు. ఒక ఫ్లోటు ఊడదీసి, పైమూత తెరిచి లోపలంతా పొడి పసుపు, సున్నం చల్లారు. మూత బిగించి, నీళ్లలో దించి, పైన బియ్యం బస్తాలు బరువు పెట్టారు. పొద్దు వాలాక మూత తీసి వినోద లోపలికి టార్చి వేసింది.

రివెట్ల వరస పొడుగునా ఎర్రచుక్కలు. చాటలో కందులు పరిచినట్టు ఉన్నాయి. రెండో కాలు కూడా అంతే, కుడిదాంట్లో చుక్కలు ఇంకా ఎక్కువ. రంగు గీకి చూస్తే పైపైన పూత ఉంది, రేకుల నడుమ ఏమీ లేదు. తెచ్చిన ట్యూబులన్నీ ముత్యం షెడ్డు మీదికి ఎక్కాయన్నమాట.

వినోద ఏడవలేదు. లోపలికి పోయి కొమురెల్లి ఫోటో తెచ్చి మూత పక్కన నిలబెట్టి, ఆ చుక్కల మీద టార్చి వేసి పట్టుకుంది. "సూడు. నీ పరదాలు ఊడలే" అంది.

"పంచాయితి పెట్టు పిల్లా, వాని బతుకు బయటవెట్టు" అంది ప్రేమమ్మ.

"పెడితే తప్పయిందంటడు. చాయ్ తాగి పోతడు. వద్దక్కా."

కొమురెల్లి విమానం ఒంటికి రివెట్లు కొడుతుంటే మూడేళ్లు ఆ పక్క రేకు అదిమి పట్టుకున్న చేతులు ఆమెవి. పాత రివెట్లు డ్రిల్లుతో తీసి, రేకులు ఎడం చేసి, నడుమ కొత్తగా తెప్పించిన సీలెంట్ పూసి, కొత్త రివెట్లు చేతిగన్నుతో ఒక్కొక్కటే కొట్టింది. పసుపు చల్లడం, నీళ్లలో దించడం, ఎర్రచుక్క కనబడితే విప్పడం. ఎడమకాలుకు రెండు నెలలు పట్టింది. ఆఖరికి లోపల పసుపు పచ్చగానే మిగిలింది. కుడికాలు జోలికి మాత్రం పోలేదు. రెండోది ఎప్పుడు పడతావని ప్రేమమ్మ అడిగితే, "అది వానికుంచిన" అంది.

కొమురెల్లి పోయి ఏడాదైన రోజు అన్నాలయ్యాక, వినోద చుట్టాలను, వాడను గుంత దగ్గరికి పిలిచింది. ముత్యం కూడా వచ్చాడు, తెల్లచొక్కా వేసుకొని. ముందు ఒడ్డున విమానాన్ని గూటానికి కట్టి ఇంజిన్ తిప్పింది. అరగంట. వచ్చినవాళ్లంతా వంతులవారీగా వంగి ముల్లు చూశారు. అది సగం దాటలేదు. ఇంజిన్ ఆపి వినోద వెనక్కి తిరిగింది.

"ఇంజిన్ వేడెక్కుతలేదు మరిదీ. నువ్వు చేసిన కాళ్లు ఫస్టుక్లాస్ అంటివి. మీ అన్న బరువుకు ఒరిగె. నువ్వు కూసోని సూపియ్యి ఒకసారి."

ముత్యం నవ్వాడు. "నేనెందుకు వదినె, నాకు ఈత రాదు."

"పుష్కరాలకు పోయి చెంబుతోని పోసుకొచ్చినోడు గదా!" అని ఎవరో అన్నారు. "కూసో ముత్యమన్నా, సబ్‌మెరీను తీసుకపోదువు" అని ఇంకెవరో. ఈసారి పది ఫోన్లు పైకి లేచాయి. ఆ ఫోన్ల ముందు వెనక్కి తగ్గలేక ముత్యం ఎక్కి కూర్చున్నాడు. వినోద విమానాన్ని నీళ్లలోకి తోసి, తాడు వదులుతూ వదులుతూ ఇరవై బారల దూరం పోనిచ్చింది. అప్పుడు గొంతెత్తింది.

"ఎడమకాలు నేను మంచిగ చేసిన. కుడికాలు ముట్టలే. నువ్వెట్ల చేసినవో గట్లనే ఉన్నది."

ముత్యం కుడివైపు చూశాడు.

"వదినె, గుంజు."

"ఆయనకు పావుగంట పట్టింది. నీకూ గంతే పడతది."

ఎవరో తాడు పట్టుకోబోయారు. "ముట్టుకుంటే నీళ్లల్ల ఇసిరేస్త" అంది వినోద. ఆ గొంతు వాడ ఎన్నడూ వినలేదు. నీళ్లు కుడిఫ్లోటు అంచు దాకా వచ్చాయి. ముత్యం ఎడమ పక్క కమ్మి పట్టుకొని వేలాడుతున్నాడు.

"వినోదా, దేవుడు సూస్తుండే" అని ప్రేమమ్మ చెవిలో అంది.

"సూడనియ్యి. ఆ దినం గూడ సూసిండు."

రెక్క కొన నీళ్లను తాకింది. ముత్యం బొబ్బ పెట్టాడు. "నేనే వదినె! ముద్ద పెట్టలే! ట్యూబులన్నీ నా షెడ్డు మీద పూసిన! అన్న తప్పు లేకుండె!"

"ఇనవడుతలే."

"అన్న తప్పు లేకుండె! ఇంజిన్ మంచిగనే ఉండె!"

గుంత గోడలకు తగిలి ఆ మాట రెండుసార్లు తిరిగి వచ్చింది. వినోద వెంటనే గుంజలేదు. నీళ్లు ముత్యం మోకాళ్ల దాకా వచ్చేదాకా చూసింది. తర్వాత తాడు నడుముకు చుట్టుకొని వెనక్కి అడుగులేసింది. అప్పుడు మిగిలినవాళ్లూ పట్టారు.

ఒడ్డున పడి ముత్యం ఆమె కాళ్లు పట్టుకోబోయాడు. "నన్ను బతికిచ్చినవు వదినె."

"నీ కోసం గుంజలే. ఆయన ఇమానం మునుగుతదని గుంజిన. ఆదివారం పొద్దుగాల ఇంటికి రా. కుడికాలు నువ్వే చేస్తవు."

అప్పుడు తీసిన వీడియోలు కూడా దుబాయ్ దాకా పోయాయి. ముత్యం కాదంటే ఆ వాడలో ఇక పని దొరకదు. అందుకని వచ్చాడు. పదకొండు ఆదివారాలు వచ్చాడు. వినోద పీట వేసుకొని ఎదురుగా కూర్చునేది. పసుపు ఆమె చల్లేది, మూత ఆమె తీసేది. ఒక్క చుక్క ఎర్రబడితే "ఇప్పు" అనేది, అంతే. వాకిట్లోకి వచ్చినవాడికి, పగవాడికైనా చెంబెడు మంచినీళ్లివ్వడం ఆ ఇంటి మర్యాద. ముత్యానికి ఆ పదకొండు ఆదివారాల్లో ఒక్క గుక్క దొరకలేదు.

ఆఖరి ఆదివారం మూత తీస్తే లోపలంతా పచ్చగా ఉంది. ఎంత వెతికినా ఎర్రచుక్క లేదు. ముత్యం చెమట తుడుచుకొని అడిగాడు.

"అయిపాయె గదా వదినె. జర నీళ్లియ్యరాదు."

వినోద మూత బిగించి, చేతులకంటిన పసుపు కొంగుకు తుడుచుకొని, వాకిట్లో టార్పాలిన్ మడుగు వైపు చూపించింది.

"గా మడుగుల నీళ్లున్నయి. తాగు."